పద్దుకెక్కని మనుష్యులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



ఒక పల్లెటూరిలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్య విషయము కాదు. వానకు తడిసిన గోడలు, చెదలు పట్టిన బీరువాలు, చందా బాకీలు, చదువుటకు తీసికొనిపోయి తిరిగి ఈయని పుస్తకములు – ఇన్ని కష్టముల నడుమ దీపమారక నిలిచినందుకు ఈ గ్రామము గర్వింపదగును. అయినను ఉత్సవమనగా తోరణములు కట్టి, గడచినదానిని పొగడుకొని ఇండ్లకు పోవుట మాత్రమే కాదు. రాబోవు ఇరువదియైదేండ్లకు ఒక పనిని నెత్తికెత్తుకొనుట కూడ ఉత్సవములో భాగమే. అట్టి పని యొకటి ఈ సభవారి యెదుట ఉంచుటకే ఈ ప్రసంగము.

1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు మొట్టమొదటి మహాసభ జరుపుకొనిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు ప్రాణము. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ సభకు అధ్యక్షులు. పిమ్మట 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపాలెమునుండి కాలువమీద పడవలో పుస్తకములను ఊరూరికి పంపిరి. గ్రంథాలయమునకు రాలేనివాని యొద్దకు గ్రంథాలయమే పోవలెనన్న భావము అందున్నది. చదువరి రాలేదని తప్పుపట్టుట సులభము. పడవ యెక్కి పోవుట కష్టము. ఆ పెద్దలు కష్టమైనదానినే యెన్నుకొనిరి. ఆ పడవను మనస్సునందుంచుకొని ప్రస్తుత విషయమును వినవలెను.

వన్ టౌన్‌లో రాత్రి

విజయవాడ వన్ టౌన్ ఎరుగనివారు ఈ డెల్టాలో లేరు. పెండ్లి బట్టలకు, పచారీ సరుకులకు, ఇత్తడి సామానులకు, అమ్మవారి దర్శనమునకు ఎవరైనను అక్కడికి పోవలసినదే. పగటివేళ కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర మనిషికి మనిషి ఒరుసుకొనక నడవ వీలులేదు. సమారంగము చౌకు, ఇస్లాంపేట, వించిపేట, కొత్తపేట – ఎటు చూచినను బండ్లు, బస్తాలు, బేరములు.

ఆ వీధులనే రాత్రి పదకొండు గంటలు దాటిన తరువాత చూడవలెను. దుకాణముల తలుపులు దించబడును. అప్పుడు అరుగులమీద, మెట్లమీద, తోపుడు బండ్లమీద, రైలు స్టేషను పడమటి ద్వారము చెంత, కృష్ణ స్నానఘట్టములయందు, వంతెనల క్రింద మరియొక పట్టణము పడక వేయును. గోనెసంచి పరుపు, చెప్పుల జత తలగడ. చెప్పులు కాళ్లకుండవలసినవి గదా, తలక్రింద ఎందుకనిన, తెల్లవారునప్పటికి పోవునను భయముచేత.

ఈ పండుకొన్నవారెవరు? బిచ్చగాండ్రని చూచి దాటిపోవుట లోకరీతి. కాని నిదానించి చూచినచో పలువురు పని చేయువారే. పగలెల్ల బస్తాలు మోసిన హమాలీలు, తోపుడు బండి లాగువారు, పెండ్లి విందులలో వడ్డనకు పోవు కుర్రవాండ్రు, చిత్తు కాగితములేరు స్త్రీలు, పూలమ్ము ముసలమ్మలు, అడ్డా దగ్గర నిలిచి తాపీ పనికి పోవు కూలీలు వీరిలో కలరు. కూలి దొరకును, గది అద్దెకు ఆ కూలి చాలదు. ఊరికి పంపవలసిన సొమ్ము పంపి, తినవలసినది తిని, మిగిలినదానితో అద్దెయు బయానాయు ఇచ్చి నిలువలేక అరుగును ఆశ్రయింతురు.

వీరు ఏ దేశాంతరమునుండియో ఊడిపడినవారు కారు. దూర రాష్ట్రములవారు కొందరున్నను, దివిసీమనుండి, బందరు ప్రాంతమునుండి, కైకలూరు వైపునుండి, పడమటి మెట్ట తాలూకాలనుండి వచ్చినవారును వారి నడుమ ఉందురు. పట్టణపు అరుగుమీద పండుకొన్నవానికి ఏదో ఒక పల్లెలో కూలిన గోడ యుండును. కావున ఇది పట్టణమువారి సమస్య, పల్లెకేమి యని అనుటకు వీలులేదు. ధాన్యము ఎట్లు పల్లెనుండి పట్టణమునకు పోవుచున్నదో, దిక్కులేనితనమును అట్లే పోవుచున్నది.

శిలమీద వ్రాసిన సత్రము

ఆంధ్రదేశమునకు అన్నదానము క్రొత్త కాదు. అతిథిని కాదని పంపరాదని తైత్తిరీయోపనిషత్తు ఒక వ్రతముగా విధించినది. భాగవతము నవమ స్కంధమునందలి రంతిదేవుని కథ పురాణ కాలక్షేపమునకు కూర్చుండినవారందరును విన్నదే. నలువదియెనిమిది దినములు పస్తుండిన ఆ రాజు, దొరికిన కొంచెము అన్నమును ఒకరి తరువాత ఒకరుగా వచ్చిన అతిథులకు పెట్టెను. చివరకు మిగిలిన నీటినిగూడ, దాహమని వచ్చిన కడజాతివానికి పోసెను. మోక్షము కోరక, ప్రాణుల దుఃఖమును తానే అనుభవించునట్లు వరము కోరెను.

కథలో జరిగినది కథగానే యుండిపోలేదు. విజయవాడకు ఎదురుగా కృష్ణకు ఆవలిగట్టున, తుళ్లూరు ప్రాంతమున మల్కాపురమను గ్రామము కలదు. అచ్చట ఒక రాతిస్తంభముమీద 1261వ సంవత్సరమునాటి కాకతీయ రుద్రమదేవి శాసనమున్నది. గణపతిదేవుడు తన గురువగు విశ్వేశ్వర శివాచార్యులకు మందడ గ్రామమును ఈయ నిశ్చయింపగా, రుద్రమదేవి దానిని స్థిరపరచి వెలగపూడిని గూడ చేర్చి ధారపోసెను. ఆ గురువు ఆ గ్రామముల యాదాయముతో విద్యాలయము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రము నెలకొల్పెను. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఏ వేళ వచ్చినవారికైనను అచ్చట అన్నము పెట్టవలెనని శాసనము చెప్పుచున్నది.

ఇందు గమనింపదగిన సంగతులు రెండు. ఒకటి – అన్నము, వైద్యము, కాన్పు, చదువు ఇవి నాలుగును ఒక్కచోటనే కూర్చబడినవి. ఆకలిగొన్నవానికి ఆకలి యొక్కటే బాధ కాదని, రోగమును అజ్ఞానమును దాని వెంటనే వచ్చునని వారెరుగుదురు. రెండవది – ఆ శాసనమున వైద్యునితోపాటు లెక్కలు వ్రాయు కాయస్థునికిని భృతి యేర్పరచిరి. అనగా దయకుగూడ ఒక లెక్క యుండవలెను, వ్రాయువాడొకడుండవలెను, పొలము పోయినను పద్దు నిలువవలెను. ఒకనాడు పొంగి మరునాడు ఎండిపోవు దయ వాగువంటిది. ఏటేట నీరిచ్చు దయ కాలువవంటిది. కాలువకు గట్టును లాకును లెక్కయు కావలెను.

ఇటీవలి కాలమున గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆ ధర్మమును ఒంటిచేతితో నడిపిరి. లంకల గన్నవరమునందలి ఆమె యింటికి ఏ వేళ ఎవరు పోయినను పొయ్యి ఆరియుండెడిది కాదు. ఒకసారి ఆమె అంతర్వేది యాత్రకు బయలుదేరి, దారిలో ఆకలిగొన్న బాటసారులు తన యింటికే పోవుచుండుట విని, యాత్ర మాని వెనుకకు తిరిగెనని పెద్దలు చెప్పుకొందురు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడులలోని మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టెను.

అన్నమున్నది, నీడ లేదు

నేడు వన్ టౌన్‌లో ఆకలితో ఎవ్వరును పట్టించుకొనక పడియుండుట ఒకనాటికంటె తక్కువ. ఇంద్రకీలాద్రిమీద దుర్గమ్మవారి సన్నిధిని నిత్యాన్నదానము జరుగుచున్నది. అయిదు రూపాయలకు భోజనము పెట్టు అన్న క్యాంటీన్లను రాష్ట్రములో మొదట 2018 జూలై 11వ తేదీన విజయవాడలోనే తెరచిరి. 2019లో అవి మూతపడెను. 2024 ఆగస్టు 15వ తేదీన గుడివాడలో మరల ప్రారంభింపబడెను. ఆ నడుమ గడచిన అయిదేండ్లు ఒక పాఠము చెప్పుచున్నవి. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది యన్న వాదము ఈ సభకు అక్కరలేదు. పేదవాని పళ్లెము ఎన్నికల ఫలితముమీద ఆధారపడరాదని మాత్రము చెప్పక తప్పదు.

అన్నము పెట్టుటకు దాతలు సులభముగా దొరకుదురు. పుట్టినరోజునకు, తద్దినమునకు, పండుగకు పులిహోర పొట్లములు పంచుదురు. పెట్టినవానికి ఫలము అప్పుడే కన్నులకు కట్టును. కాని పొట్లము తిన్నవాడు ఆ రాత్రి ఎక్కడ పండుకొనెనని అడుగువారరుదు. అన్నము ఒక పూటకు. నీడ ప్రతి రాత్రికి కావలెను. అందుచేతనే అన్నదాతలు వేలకొలది యుండగా నీడనిచ్చువారు వ్రేళ్లమీద లెక్కింపదగియున్నారు.

పూర్వము ఈ లోటును సత్రములు కొంత తీర్చెను. కాని సత్రము బాటసారికొరకు కట్టినది. బాటసారికి ఇల్లున్నది, నాలుగు దినములలో అతడింటికి పోవును. పోవుటకు ఇల్లులేనివాని సంగతి సత్రపు ధర్మకర్తలు ఆలోచింపలేదు, ఏలయన ఆనాడు అట్టివానిని కులమో ఊరో బంధువర్గమో ఏదో ఒక విధముగా మోసెడిది. నేడు ఆ పాత ఆధారములు సడలిపోయెను. క్రొత్తవి ఇంకను గట్టిపడలేదు.

నీడలేనివానికి కలుగు నష్టమేమో వివరముగా చూడవలెను. రాత్రి నిద్ర యుండదు: దోమలు, వాన, పోలీసు లాఠీ, త్రాగుబోతుల బాధ. స్త్రీల భయము చెప్పనలవికాదు. నిద్రలేనివాడు మరునాడు బరువు మోయలేడు. మోయనిదే కూలి రాదు. సంపాదించిన నాలుగు రూకలు దాచుకొనుటకు పెట్టె లేదు. నడుమునకు కట్టుకొన్నచో నిద్రలో కోసుకొని పోవుదురు. దానితోపాటు కార్డులును పోవును. కార్డు పోయినవానికి రేషన్ బియ్యము లేదు, పింఛను లేదు, బ్యాంకు ఖాతా లేదు. మరల కార్డు కావలెననిన చిరునామా చెప్పుమందురు. చిరునామా యున్నచో వాడు అరుగుమీద ఎందుకు పండుకొనును?

ఇక్కడ ఒక విచిత్రమును గమనింపవలెను. గ్రామపు అడంగలులో ప్రతి సెంటు భూమికిని పద్దు కలదు. పల్లము, మెరక, డొంక, శ్మశానము, చెరువుగట్టు, పనికిమాలిన పోరంబోకు – అన్నిటికిని సర్వే నెంబరున్నది. పంట లేకున్నను "బీడు" అని వ్రాయుదురేగాని పద్దు విడువరు. కాలువగట్టు పద్దులో ఉన్నది. ఆ గట్టుమీద పండుకొన్న మనిషి ఏ పద్దులోను లేడు. భూమికున్న పాటి గణన మనిషికి లేకపోవుట నాగరకతకు తగునా?

ఏల ఇట్లగుచున్నది

డెల్టా యనగా పచ్చని చేలని లోకము తలచును. 1832–33 నాటి నందన కరువులో, అయిదు లక్షల జనమున్న గుంటూరు జిల్లాలో రమారమి లక్షన్నర మంది నశించిరని చరిత్ర చెప్పుచున్నది. ఆ దారుణము మరల రాకుండుటకే కాటన్ దొర ఆలోచన ననుసరించి, ఓర్ దొర 1852 మొదలు 1855 వరకు బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టించెను. వన్ టౌన్‌లోని గాంధీ కొండకు పూర్వము ఓర్ కొండయనియే పేరు. 1957లో పాత ఆనకట్టకు మారుగా ప్రకాశం బరాజి వచ్చెను. నీరు వచ్చెను, పంట వచ్చెను, మిల్లులు వచ్చెను. కాని నీరు పారిన పొలము ఎవరిదో వారికే పంట వచ్చును. భూమిలేని కూలికి నాట్లును కోతలును మాత్రమే ఆధారము. ఇప్పుడు కోత యంత్రములు వచ్చి ఆ దినములును తగ్గెను. కౌలురైతు పంట పోగొట్టుకొన్నచో పొలము యజమానిదిగానే యుండును, అప్పు మాత్రము వానిది.

ప్రకృతియు ఒక్క రాత్రిలో మనిషిని నిరాశ్రయుని చేయగలదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమమీద సముద్రము విరుచుకొనిపడెను. పది వేలమందికి తక్కువ కాకుండ చనిపోయిరి. బ్రదికినవారికి తలదాచుకొన పూరిపాకయైన మిగలలేదు. ఆనాడు మండలి వెంకటకృష్ణారావుగారివంటి నాయకులును, రామకృష్ణ మిషన్‌వంటి సంస్థలును, దేశము నలుమూలలనుండి వచ్చిన సేవకులును కలిసి పని చేసిరి. పొట్లములతో ఆగక పక్కా యిండ్లును తుపాను రక్షణ కట్టడములును లేపిరి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లు తెగి, విజయవాడలో సింగ్ నగర్ మొదలగు పేటలు దినములకొలది నీట మునిగినప్పుడు మేడల యజమానులు సైతము ఒక నీటి సీసాకై చేయి చాచిరి. ప్రకాశం బరాజి దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులకు మించి ప్రవాహము సాగెను. ఇల్లు ఎవరికిని శాశ్వతము కాదను సంగతి ఆ వారము దినములలో పట్టణమెల్ల తెలిసికొనెను. తెలిసికొన్నదానిని మరువకుండుటయే కావలసినది.

ఇవిగాక ఇంటిలోనే పుట్టు కారణములు కలవు. ఉన్న రెండెకరములను కుమారుని పేర దానపత్రము వ్రాసి, పిదప అన్నమునకు కోడలి ముఖము చూచు వృద్ధులు; త్రాగుడుచేత ఇల్లు గుల్లయైన కుటుంబములు; మనస్సు చెదరి తనపేరు తానెరుగక రైలెక్కినవారు; సవతి బాధకో దెబ్బలకో పారిపోయివచ్చిన పిల్లలు. దక్షిణమునుండి ఉత్తరమునకు పోవు రైళ్లకు విజయవాడ పెద్ద కూడలి యగుటచే ఇట్టివారందరిని రైలు అక్కడ దించిపోవును. ఆ పిల్లలకొరకు డాన్ బాస్కో సభవారు 1989లో నవజీవన్ బాలభవన్‌ను స్థాపించిరి. స్టేషనులో పిల్లవానిని పలుకరించి, నమ్మకము కలిగించి, ఇంటికి చేర్చుటయో చదివించుటయో వారి పద్ధతి. నాస్తిక కేంద్రమును 1940లో ముదునూరులో స్థాపించి 1947లో విజయవాడకు తెచ్చిన గోరా దంపతుల సేవాభావమునుండి 1969లో వాసవ్య మహిళా మండలి పుట్టెను. దైవమును నమ్మినవారును నమ్మనివారును ఈ పనిలో ఒక్క బాటనే నడచిరనుట గుర్తుంచుకొనదగినది.

చట్టమేమి చెప్పుచున్నది

దిక్కులేనివారికి ఆశ్రయము దయమాత్రమే కాదు, హక్కుకూడనని న్యాయస్థానము పలుమారులు చెప్పినది. ఆహారపు హక్కు వ్యాజ్యము 2001లో సుప్రీంకోర్టున మొదలయ్యెను. అందే 2010లో రాత్రి ఆశ్రయములనుగూర్చి ఆజ్ఞలు వెలువడెను. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషను ఆ కొలతను స్థిరపరచెను: లక్ష జనాభాకు నూరుమందికి చాలు ఆశ్రయ మొకటి, మనిషికి ఏబది చదరపు అడుగుల తావు, సంవత్సరము పొడవునను తెరచియుండవలెను. 2011 జనగణనలో విజయవాడ జనాభా పది లక్షలు దాటెను. లెక్క సులభము: పది ఆశ్రయములు, వేయి పడకలు. చీకటిపడిన తరువాత వన్ టౌన్ వీధులలో ఒకసారి నడచివచ్చినవానికి ఆ వేయి పడకలలో ఎన్ని కొరతయో ఎవ్వరును చెప్పనక్కరలేదు. అదే జనగణనలో ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి ఇండ్లులేనివారిని లెక్కించిరి, దేశమున 17.7 లక్షలమంది తేలిరి. ఒక్క రాత్రి లెక్కకు దొరకనివారెందరో!

చిరునామా లేనివాడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదేనా? కాదు. 2016 నాటి ఆధార్ చట్టపు అయిదవ సెక్షను, స్థిరనివాసము లేనివారికి ఆధార్ ఇచ్చుటకు ప్రత్యేక యేర్పాట్లు చేయవలెనని చెప్పుచున్నది. ఓటు విషయములో ఎన్నికల సంఘమువారి నియమము మరియు సరళము: చిరునామా పత్రము అక్కరలేదు; బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వచ్చి, ఆ మనిషి తాను చెప్పినచోటనే పండుకొనుచున్నాడా యని ఒకటికంటె ఎక్కువ రాత్రులు చూచి నిశ్చయింపవలెను. మతి చెదరి తిరుగువానిని రక్షణలోనికి తీసికొని, ఇరువదినాలుగు గంటలలోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చుట పోలీసుల విధియని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. ఇల్లులేనివానికి ఆ చికిత్స ఉచితము, కార్డు లేకున్నను సరే.

వృద్ధుల విషయమున 2007 నాటి చట్టము ప్రకారము, పోషింపని సంతానమునుండి నెలకు పది వేల రూపాయలవరకు భరణము ఇప్పించుటకు డివిజను స్థాయిలో ట్రిబ్యునలు కలదు. ఇందొక సూక్ష్మము గ్రామస్థులందరును మనస్సున నాటుకొనవలెను. దానపత్రములో "నన్ను పోషింపవలెను" అను షరతు వ్రాసియున్నచో, పోషణ తప్పినప్పుడు ఆ దానమును రద్దు చేయించుకొనవచ్చును. ఆ షరతు లేనిచో నిరూపించుట కష్టము. దానపత్రము వ్రాయునపుడు ఒక్క వాక్యము చేర్చుట సిగ్గుపడవలసిన సంగతి కాదు. ఆ వాక్యము కుమారునియెడల అనుమానముచేత వ్రాయునది కాదు. ముసలితనమునందు గౌరవమును నిలుపుకొనుటకు వ్రాయునది.

గ్రంథాలయము చేయదగినది

ఇంతవరకు విన్నవారికి ఒక సందేహము తోచును: ఇవన్నియు మున్సిపాలిటీయు ప్రభుత్వమును చేయవలసిన పనులు గదా, పుస్తకముల గది యేమి చేయగలదు? దానికి సమాధానము ఆ కాలువ పడవయే.

మొదటిది – గ్రామమునుండి బయటికి పోయినవారి పుస్తకమొకటి గ్రంథాలయమున నుండవలెను. ఎవరు, ఎప్పుడు, ఏ పనికి, ఏ ఊరికి పోయిరి, ఇంటివద్ద ఎవరున్నారు – ఈ మాత్రము చాలును. బలవంతము కూడదు, ఇష్టపడి చెప్పినవారిదే వ్రాయవలెను, ఆ పుస్తకమును బీరువాలో తాళమువేసి యుంచవలెను. పట్టణములో ఎవరైనను దిక్కులేక పడిపోయినచో, ఊరిపేరు చెప్పగలిగినచో, ఇంటికి కబురు చేర్చుటకు అది పనికివచ్చును.

రెండవది – వారమునకొకనాడు సాయంకాలము దరఖాస్తులు వ్రాసిపెట్టుట. చదివిన యువకులు ఈ గ్రామమున కొదువలేరు. పింఛనునకు, రేషన్ కార్డునకు, వృద్ధుల భరణమునకు, పోయిన ఆధార్ మరల తెచ్చుకొనుటకు కావలసిన కాగితములను వారు వ్రాసిపెట్టవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైనుండి వృద్ధాప్య పింఛను నెలకు నాలుగు వేల రూపాయలు. ఒక కాగితము సరిగా వ్రాయకపోవుటచేత అది అందనిచో, ఆ వృద్ధురాలికి ఏడాదికి నలువది యెనిమిది వేలు నష్టము. గ్రంథాలయపు ఏ దానమును అంత విలువ చేయదు.

మూడవది – గోడమీద పెద్ద అక్షరములతో నాలుగు సంగతులు వ్రాయించుట: పిల్లల సహాయమునకు 1098, వృద్ధుల సహాయమునకు 14567, ఉచిత న్యాయసహాయము దొరకు చోటు, పట్టణమందలి రాత్రి ఆశ్రయముల జాడ. పనికి విజయవాడ పోవు కుర్రవాడు బస్సెక్కుటకు ముందు దానిని చదివికొనిపోవును. తనకు కాకున్నను, అరుగుమీద ప్రక్కవానికి చెప్పును.

నాలుగవది – పొట్లములు పంచుటయందున్న శ్రద్ధలో కొంత పడకలవైపు మరల్చుట. గ్రామమునుండి శుభకార్యములకు దానము చేయువారు ఒక ఆశ్రయమునకు దుప్పట్లో, దోమతెరలో, తాళమున్న చిన్న పెట్టెలో ఈయవచ్చును. తాళమున్న పెట్టె యనగానే నవ్వుదురు. కాని కార్డులును నాలుగు రూకలును భద్రముగా దాచుకొన్నవాడు ఆరు నెలలలో గదికి బయానా ఇచ్చుకొనగలడు. దాచుకొనలేనివాడు పదియేండ్లయినను అరుగుమీదనే యుండును.

ఇట్లు చేసినచో సోమరులు పెరుగుదురని కొందరందురు. నిజమే, సోమరులు లోకమున కలరు. మేడలలోను కలరు, అరుగులమీదను కలరు. అయితే రాత్రియంతయు మేలుకొనియుండి పగలెల్ల బస్తా మోయువానిని సోమరియనుట న్యాయము కాదు. నీడ నిచ్చుట పనినుండి తప్పించుట కాదు. మరునాటి పనికి శక్తి నిచ్చుట.

ఈ గ్రంథాలయపు సభ్యుల పట్టికలో పేరును, దానికెదురుగా ఇంటిపేరును, వీధియు వ్రాయు పద్ధతి మొదటినుండియు ఉన్నది. వీధి లేనివాడు సభ్యుడు కాజాలడా? ఈ ప్రశ్నకు ఈ రజతోత్సవ సంవత్సరములోనే కార్యవర్గమువారు సమాధానము చెప్పవలెను. ఇల్లులేని మనిషి యొకడు ఈ గుమ్మము తొక్కి చదువుకొనుటకు పత్రిక యడిగినచో, "నీ చిరునామా యేమి?" అని అడుగుటకు ముందు "కూర్చుండుము" అని చెప్పగలుగుట ఈ సంస్థ యొక్క గొప్పతనమునకు నిజమైన కొలత. అటుపై చిరునామా గడిలో ఏమి వ్రాయవలెననిన – ఈ గ్రంథాలయము పేరునే వ్రాయవచ్చును. అంతటితో ఆ మనిషి ఒక పద్దుకెక్కును.

స్వర్ణోత్సవమునాడు ఈ ఊరివారు మరల ఇచ్చట కూడినప్పుడు పుస్తకములెన్ని చేరెనని లెక్క చూచుకొందురు. ఆ లెక్క ప్రక్కన, పట్టణపు అరుగులమీదనుండి ఎందరు ఇల్లు చేరిరన్న రెండవ లెక్కయు ఉండుగాక!